స్టాండులో నా గ్లాసు

ఇది రాసిపెట్టేవాళ్ళని నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మెత్తగా మార్చి రాస్తే ఒప్పుకోనని కూడా అన్నాను. నా పేరు కనబడితే చదవగలను, అంతకుమించి నాకు చదువు లేదు. నా మాట మాత్రం నాకు తెలుసు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో నేను ఊడుస్తాను, తుడుస్తాను, టీ పెడతాను. మా ఆయన చనిపోయిన ఏడాదే చేరాను. ఒకరోజు మా సారు అందరినీ పిలిచి, ఇకమీదట ఆఫీసులో పేపరు కప్పు కనబడకూడదన్నారు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగకూడదు, కాగితం రెండు పక్కలా వాడాలి, టీ స్టీలు గ్లాసుల్లోనే తాగాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టనూ? గుణదలలో మా వీధి చివర కాలువ నిండా కప్పులే. బుడమేరు పొంగినప్పుడు మా గుమ్మంలోకి నీళ్ళకంటే ముందు అవే వచ్చాయి.

అయితే పేపరు కప్పు మాకు చేసిన మేలూ ఉంది. నా పెళ్ళైన కొత్తలో ఊళ్ళో టీ కొట్టు దగ్గర మా పేటవాళ్ళ గ్లాసులు చూరు కింద విడిగా ఉండేవి. తాగి, మనమే కడిగి, అక్కడే పెట్టాలి. మా ఆయన ఆ గ్లాసు ముట్టేవాడు కాదు. కొట్లోకి పేపరు కప్పులు వచ్చాకే ఆయన బయట టీ తాగాడు.

"తాగి విసిరికొడితే ఏది ఎవడి కప్పో ఎవడికి తెలుసే!" అని నవ్వేవాడు.

ఆఫీసుకు స్టీలు గ్లాసులు వచ్చాయి, వాటికో స్టాండు వచ్చింది. లెక్కలు చూసే మేడమ్ మిగిలిపోయిన పేపరు కప్పుల కట్ట నా చేతిలో పెట్టి, "పారేస్తే వేస్టు కదమ్మా, ఇవి అయ్యేదాకా నువ్వు వాడుకో" అంది. నిజమే కదా అనుకున్నాను. అవి అయిపోయాయి. మర్నాడు కొత్త కట్ట వచ్చింది. నా ఒక్కదానికే.

"మేడమ్ గారూ, పేపరు కప్పులు బందన్నారుగా?"

"నీకు పర్లేదులేమ్మా."

"నేను పారేసింది కాలువలోకి పోదా అండీ?"

"అబ్బబ్బ, పొద్దున్నే నీతో వాదనేంటి! తెచ్చినవి వాడుకో."

ఆ కట్ట ఆవిడ టేబులు మీదే పెట్టి వచ్చేశాను. మర్నాడు ఇంటి నుంచి మా ఆయన గ్లాసు తెచ్చాను. మా పెళ్ళికి మా అన్న పేర్లు కొట్టించి ఇచ్చిన గ్లాసు అది. టీ పోసుకుని, అందరూ చూస్తుండగా తాగి, తోమి, స్టాండులో మిగతా గ్లాసుల మధ్యన బోర్లించాను.

తెల్లారి వచ్చేసరికి అది బాత్‌రూం కిటికీలో, ఫినాయిలు సీసా పక్కన ఉంది. తెచ్చి స్టాండులో పెట్టాను. మళ్ళీ కిటికీలోకి చేరింది. మళ్ళీ తెచ్చాను. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనరు, అదీ వాళ్ళ పద్ధతి. వాళ్ళు తాగిన గ్లాసులన్నీ తోమేది నేనే. నా చేతులు పనికొచ్చాయి, నా మూతి పనికిరాలేదు.

పని పోతుందని భయం లేదా అంటే, ఉంది. అద్దె ఇల్లు, ఒంటరి బతుకు. అయినా ఆ వేళ మళ్ళీ అదే కిటికీలో కనబడేసరికి నా గ్లాసు తియ్యబుద్ధి కాలేదు. వెళ్ళి స్టాండే ఎత్తుకొచ్చాను. గ్లాసులన్నీ తీసి ఫినాయిలు సీసా పక్కన, నా గ్లాసు చుట్టూ పేర్చాను. టీ కాచి, మూత పెట్టి, స్టూలు మీద కూర్చున్నాను.

"టీ ఏదమ్మా?" అంటూ సారు వచ్చారు. వెనకాలే మేడమ్.

"కాచానండీ. గ్లాసులు బాత్‌రూంలో ఉన్నాయి."

ముగ్గురం వెళ్ళాం. మేడమ్ చూసి కేకేసింది. "నీకేమన్నా మతిపోయిందా? బాత్‌రూంలో పెట్టిన గ్లాసులో ఎవరన్నా తాగుతారా?"

"తాగకూడదాండీ? నా గ్లాసు రోజూ ఇక్కడే ఉంటోందిగా, గ్లాసులు పెట్టే చోటు ఇదేననుకున్నాను."

సారు కిటికీ వంక చూశారు, ఆవిడ వంక చూశారు. నేను తల దించలేదు. ఆ పేపరు కప్పులు నా చేతిలో ఆయనా చూశారు, ఒక్కనాడూ అడగలేదు.

"వేడినీళ్ళతో కడిగి, అన్నీ స్టాండులో పెట్టమ్మా" అన్నారు.

"నాదీనా అండీ?" హాల్లో అందరికీ వినబడేలా అడిగాను.

ఆయన "నీదీ" అన్నారు.

అది ఆయన దయ అని ఎవరైనా అంటే నేనూరుకోను. నేను అడిగితే వచ్చిన మాట అది.

ఇప్పుడు మేడమ్ తన గ్లాసు బ్యాగులో వేసుకుని రోజూ ఇంటికి పట్టుకుపోతుంది, తనే తోముకుంటుంది. తోముకోనీ, నాకొకటి తగ్గింది. నా గ్లాసు మాత్రం స్టాండులో పై వరసలో ఉంది. నేను సెలవు పెట్టిన రోజు కూడా అక్కడే ఉంటుంది.