మార్జిన్ రాయని అట్టలు

"...మార్జిన్ కలిపే ఉందని అట్ట మీద రాసి ఉంటే కదా ఆంటీ, నాకు తెలిసేది."

"పద్దెనిమిదేండ్ల సంది ఎవ్వరికీ రాసియ్యలే. మా కటింగోళ్ళకు ఎర్కనే," అంది బ్యూలా.

హరిచందన కంప్యూటర్ వైపు తిరిగింది. ఆమె వెనక, ఆస్పత్రి తిప్పి పంపిన ఆరు వందల నర్సు కోట్లు మూటలుగా పడి ఉన్నాయి. ప్రతి కోటూ చుట్టుకొలతలో రెండంగుళాలు ఎక్కువ వచ్చింది.

పటాన్‌చెరు దగ్గరి ఆ బట్టల యూనిట్లో బ్యూలా ప్యాటర్న్ మాస్టర్; బట్ట కోయడానికి కొలతల అట్టలు చేస్తుంది. లైన్లో కాలర్లు కుట్టడానికి చేరింది. పాత మాస్టర్ మానేసి వెళ్ళాక, ఆయన వదిలిన అట్టలు చూసి పని పట్టుకుంది. కుట్టుకు వదలాల్సిన అరంగుళం మార్జిన్ అట్టలోనే కలిపి కోయడం ఆమె పద్ధతి. అట్ట చుట్టూ సుద్దతో గీసి, ఆ గీత మీదే కత్తెర నడిపితే చాలు.

మూడు నెలల కింద డిజైన్ కోర్సు చదివిన హరిచందన వచ్చింది. అట్టను కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద పెట్టి అంచు పొడవునా మీట నొక్కుతూ పోతే, ఆ ఆకారం తెర మీదికి ఎక్కేది. కుట్టు మార్జిన్‌ను కంప్యూటరే కలిపేది. నర్సు కోటు అట్ట ఎక్కించిన రోజు, తెర మీద గీత బయట ఇంకో గీత పడడం బ్యూలా చూసింది; అట్టలో ఉన్న మార్జిన్‌కు మరో అరంగుళం కలుస్తోంది.

దానికి ముందురోజే బ్యూలా చంక వంపు గురించి ఏదో చెప్పబోయింది. అన్నీ సిస్టమే చూసుకుంటుంది, మీరు అట్టలందిస్తే చాలని హరిచందన అంది. కటింగ్ బల్ల దగ్గర అంజన్న అందుకున్నాడు.

"మాస్టరమ్మా, ఇగ నీ సుద్దముక్కకు పింఛను రాపియ్యాలె."

అందరూ నవ్వారు. మర్నాడు ఆ రెండో గీత చూసినప్పుడు బ్యూలా నోరు మెదపలేదు.

కోట్లు తిరిగొచ్చాక మేనేజర్ వెంకటరామయ్య తప్పెవరిదని తేల్చలేదు. మిగిలిన రెండు వందల పన్నెండు అట్టల మీద ఎక్కడెంత మార్జిన్ ఉందో రాసిమ్మన్నాడు. హరిచందన అవన్నీ ఎక్కించాక, బ్యూలాను చెకింగ్ టేబుల్ దగ్గరికి మారుస్తానన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు.

"రెండో గీత పడ్డప్పుడు నేను చూసిన సార్. కావాల్ననే చెప్పలే."

హరిచందన తల తిప్పి ఆమెను చూసింది. వెంకటరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పోనీ, ఇప్పుడైనా రాసివ్వమన్నాడు.

"రాస్త. ఆఖరి అట్ట రాసిచ్చిన దినమే పని మానేస్త."