తలుపు తీసిందా, లేదా? గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఒక నవల లొల్లి

సాహిత్య లోకానికి, బస్సులో నా పక్క సీటు ప్రయాణికులకు, నా మోకాళ్లకు ముందుగా నా ప్రగాఢ క్షమాపణలు. ఒక నవల చివరి పేజీ మీద కోపంతో మూడు జిల్లాలు తిరిగాను. ఆ నవలలో భర్త వలస పోతాడు. ఏళ్లు గడిచాక ఒక రాత్రి తలుపు చప్పుడవుతుంది. భార్య లేచి నిలబడుతుంది. అంతే, నవల అయిపోయింది! తీసిందా, లేదా? రచయిత చెప్పడు. విస్తరి వేసి, అన్నం పెట్టకుండా వెళ్లిపోయే మనిషిని ఏమనాలి?

దీని దెబ్బ నా దోస్తు శేఖర్‌కు తగిలింది. వాడిది వనపర్తి. నాగర్‌కర్నూల్ సునీతతో నిశ్చితార్థమైంది. పెళ్లి కాగానే వాడొక్కడే పుణెకు, బిల్డింగు పని చూసుకోవడానికి పోవాలి. తీసిందని వాడు, తీయలేదని ఆమె. వాదన ముదిరి సునీత ఫోన్ ఎత్తడం మానేసింది. పెళ్లే వద్దంటోందని కబురొచ్చింది.

పెద్దమనిషిగా నన్ను నేనే నియమించుకుని, పొద్దున్నే గద్వాలలో బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా వనపర్తికి రెండు గంటల లోపే. అక్కడ శేఖర్‌ను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ బస్సు పట్టాను. దారిలో మేమిద్దరం మళ్లీ ఆ తలుపు మీదే వాదనకు దిగాం; మా అరుపులకు కండక్టర్ దగ్గరికొచ్చాడు.

"ఏంది తమ్మీ, ఎవరింట్ల లొల్లి?"

"నవలల, అన్నా."

"నవలల లొల్లికి టికెట్ కొనుక్కొని పోతున్నరా! మస్తున్నరు పో."

సునీత మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను.

"అన్నా, నువ్వు జర ఆగు. ఈయన్ని చెప్పనియ్యి," అని సునీత శేఖర్ వైపు తిరిగింది. " పుణె పోయినంక ఎన్నడొస్తవ్?"

"నెలకోసారి వస్త. రోజూ ఫోన్ చేస్త," అన్నాడు శేఖర్.

"నవలల మొగుడు గూడ గిట్లనే జెప్పి పోయిండు."

నాకు రచయిత మీద మళ్లీ ఒళ్లు మండింది. శేఖర్ నన్ను పక్కకు జరిపి, ఒకడుగు ముందుకేశాడు.

"ఆమె తీసిందో లేదో నాకు తెల్వదు. నువ్వు గూడ పుణెకు రా. ఒక్కటే రూము, ఇరుకుంటది."

"గీ ముక్క ముందుగాల అననీకి నీకేం రోగమొచ్చింది?" అంది సునీత. "లోపలికి రార్రి, చాయ్ పెడ్త."

తిరుగు బస్సులో తట్టింది. తలుపు గురించి ఇంత కొట్లాడాం గానీ, ఆ భర్త ఆమెను వెంట ఎందుకు తీసుకుపోలేదని మాలో ఎవరూ అడగలేదు. అడుగుతామనే రచయిత అక్కడ ఆపాడేమో. ఆపితే ఆపాడు, నా కోపం మాత్రం తగ్గలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా: వనపర్తిలో బస్సు మారేటప్పుడే టిఫిన్ తినేయండి, అలిగిన ఇంట్లో చాయ్ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

ఇక ఇంత గొడవలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. నిశ్చితార్థం నాడు ఆ నవలను ఇద్దరికీ చెరొక ప్రతి కొని కానుకగా ఇచ్చింది నేనే. అప్పటికి నేను చదవలేదు. అట్ట మీద పూలు బాగున్నాయి.