ఆవేశం వచ్చిందా?

ఒక్క పదం బరువును ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను, మీరు నన్ను ఎరగరు కనుక.

చేవెళ్లలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ రోజు పాఠం తుల్యతా సూత్రం. తాడు తెగిన లిఫ్టులో అన్నీ ఒకే వేగంతో పడతాయి కాబట్టి లోపలి మనిషికి తన బరువు తెలియదు. ఇది గురుత్వానికే చెల్లుతుందని చెప్పి ముగించబోయాను. సురంగల్ నుంచి వచ్చే అమ్మాయి లేచింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం.

"సార్, కరెంటు బలంల గూడ గిట్లనే అయితదా? లోపలున్న అన్నిటికి ఆవేశం, ద్రవ్యరాశి ఒక్క నిష్పత్తిల ఉంటే, అన్నీ కలిసే ఉరుకుతయి గద. అప్పుడు లోపలున్నోళ్లకు ఆ బలం తెలుస్తదా?"

నాకు జవాబు తెలియదు. తెలియదని అంటే ఏం పోయేది?

"చార్జ్ అనాలె బిడ్డా. ఆవేశం పూనకమొచ్చినోళ్లకుంటది. నీకు గిట్ల వచ్చిందా ఏంది?"

వెనక బెంచీ నుంచి ఒకడు, "యాపమండలు తేవాల్నా సార్?" అన్నాడు.

"తే రా," అన్నాను. క్లాసంతా నవ్వింది. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను.

అక్కడితో ఆపితే నోరు జారానని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆపలేదు. మర్నాటి నుంచి హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు మానేసి "ఆవేశం వచ్చిందా?" అని అడిగేవాణ్ణి. ఆమె లేచి "వచ్చింది సార్" అనేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఆమె కళ్లు నేలకు దిగుతుంటే నాకు లోపల హాయిగా ఉండేది, ఎందుకంటే ఆ కళ్లు మళ్లీ పైకి లేస్తే మళ్లీ ప్రశ్న వస్తుందేమోనని భయం. ఒక రోజు జవాబు రాలేదు. సైన్సు మానేసి వేరే కాలేజీలో కామర్స్‌లో చేరిందన్నారు. బాధపడ్డానా? లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాతెప్పుడో కూర్చుని లెక్క చేశాను. లోపలి చార్జులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం పక్కనబెడితే, ఆమె ఊహించిందే నిజం. లోపలున్నవాళ్లకు ఆ బలం తెలియదు. అప్పటి నుంచి ఏటా కొత్త పిల్లలకు ఆ ప్రశ్న వేస్తున్నాను, నా సొంత ప్రశ్నలా. చప్పట్లు కొడతారు.

మొన్న మొయినాబాద్‌లో మందుల దుకాణంలో ఒకామె పలకరించింది. పోల్చుకోలేకపోయాను.

"నేను సార్, ఆవేశాన్ని," అన్నది. నవ్వలేదు. "అప్పుడు నేనడిగిందానికి జవాబు దొరికిందా?"

ఒక్క మాట చాలు. అవునంటే చాలు.

"ఏం అడిగినవమ్మా? యాదికి లేదు," అన్నాను.

ఆమె మందులు తీసుకుని వెళ్లిపోయింది. ఎప్పటిదో పాత తప్పని తోసెయ్యడానికి లేదు, ఇది మొన్నటిది.

ఆ ప్రశ్న నాది కాదు. ఇక్కడ రాశాక గుండె కాస్త తెరిపిన పడింది. ఎవరిదో కూడా రాద్దామని చూశాను. ఆమె పేరు గుర్తు రావడం లేదు.