నూట అరవై క్యాసెట్లలో ఒక్క మాట కోసం

సోమవారం ఉదయం ఏడున్నరకు కాచిగూడలో కర్నూలు రైలెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, ల్యాప్‌టాప్, పులిహోర డబ్బా. మాటలు విని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మా బృందం పని. ఏ మాట ఎన్నో నిమిషంలో వచ్చిందో కూడా అది గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి గంటల కొద్దీ సాగే ఆడియోలోనో వీడియోలోనో మనకు కావలసిన మాట టైపు చేసి వెతుక్కోవచ్చు. తెలుగులో ఈ పని ఇంకా తప్పటడుగుల దశలోనే ఉంది.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోన్. కర్నూలులో టేప్‌రికార్డర్లు బాగుచేసే మస్తాన్ వలీ మా పని గురించి పేపర్లో చదివి చేశాడు. రాయచోటి దగ్గర ఒక పల్లె చర్చి వాళ్లు నూట అరవై పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించమని అతనికి ఇచ్చారట. "రత్నమ్మ అని ఒక పెద్దామె ఉండాది మేడమ్. వారం వారం ఫోన్ చేసి, మాయమ్మ మాట దొరికెనా అని అడుగుతాది. కంప్యూటర్లోకి ఎక్కిచ్చేదైతే అయిపాయ, అన్నీ నేనొక్కణ్ణే ఎప్పుడు ఇనాల? మీ మిషనన్నా ఇంటాదేమో, రాండి" అన్నాడు.

రత్నమ్మ కథ కూడా అతనే చెప్పాడు. ఆమెకు ఐదారేళ్లున్నప్పుడు పెద్ద కరువొచ్చింది. తల్లి ఏసమ్మ పాలు తాగే చిన్నబిడ్డను ఎక్కడో ఎవరికో ఇచ్చి వచ్చింది. ఎవరికిచ్చిందో ఇంట్లో ఎన్నడూ నోరు విప్పలేదు. చాలా ఏళ్లకు ఒక ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి, తన బతుకులో దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెబుతూ ఆ సంగతి బయటపెట్టిందట. ఆ రోజు రత్నమ్మ కూలికి వేరే ఊరు పోయి ఉంది. మరికొన్నాళ్లకు తల్లి పోయింది. విన్నవాళ్లలో మిగిలిన ఒకరిద్దరికి ఊరి పేరు గుర్తులేదు. పాస్టరు గారు ప్రతి సాక్ష్యాన్నీ రికార్డు చేసేవారు కానీ క్యాసెట్ల మీద ఏమీ రాయలేదు.

పన్నెండుంబావుకు కర్నూలులో దిగి, స్టేషన్ దగ్గర భోజనం చేసి, ఆటోలో కొండారెడ్డి బురుజు వెనక సందులో ఉన్న మస్తాన్ కొట్టుకు చేరాను. బల్ల నిండా విప్పిన టేపులు. మొదటి క్యాసెట్‌ను మా సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, వచ్చినదాన్ని గట్టిగా చదివాను. "శానా దినాలు" అని ఒకామె అంటే అది "శనగ దినాలు" అని రాసింది. "యాడికి పోవాల" అన్నది "ఏడుకొండలు" అయింది.

మస్తాన్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "చర్చిలో ఏడుకొండలేంది మేడమ్! మీ మిషను టీవీ వార్తలు ఇని పెరిగినట్లుండాది. మా మాట యాడ ఇన్యాది అది?"

అతనన్నది అక్షరాలా నిజం. మేము దానికి నేర్పిందంతా వార్తల తెలుగు, ఉపన్యాసాల తెలుగు. నాకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. తర్వాత రెండు రోజులు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కొట్టుకు పోవడం, మస్తాన్ ఒక్కో వాక్యం విని చెప్పడం, నేను ఉన్నదున్నట్టు టైపు చేయడం. "ఉండాది" అని రాయాల్సిన చోట చెయ్యి దానంతటదే "ఉంది" అని కొట్టేది. అతను పట్టుకునేవాడు. "ఆమె అన్నెట్లే రాయండి మేడమ్. దిద్దొద్దు." అలా దిద్దకుండా రాసిన పాఠాన్ని బుధవారం రాత్రి హైదరాబాదుకు పంపితే, మా వాళ్లు దానితో సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ నేర్పి గురువారం మధ్యాహ్నం తిరిగి పంపారు. శుక్రవారం సాయంత్రానికి నూట అరవై క్యాసెట్లూ అక్షరాలయ్యాయి. తప్పులు ఇంకా ఉన్నాయి. కానీ చదువుతుంటే మనుషులు మాట్లాడుతున్నట్టే ఉంది.

శనివారం ఉదయం ఆరింటికి కడప బస్సు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటలు పట్టింది. కడపలో కారం దోసె తిని రాయచోటి బస్సెక్కాను. గువ్వలచెరువులో బస్సు ఆగితే అందరితో పాటు నేనూ పాలకోవా కొన్నాను. పక్క సీటామె నా ల్యాప్‌టాప్ చూసి, "బ్యాంకులో చేస్తాండావా అమ్మా?" అని అడిగింది. పని చెప్పాను. "మా మామ తిట్లు గూడ రాస్తాదా?" అంది. రాస్తుందన్నాను. "అయితే వద్దులే" అని కిటికీ వైపు తిరిగింది.

మూడింటికి పల్లె చేరాను. రత్నమ్మకు డెబ్బై దాటాయి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం కంచు. చర్చి వరండాలో చాప పరిచింది. పక్కన ఐదారుగురు కూర్చున్నారు. "కరువు" అని కొట్టాను. వందల చోట్ల వచ్చింది. ఈ నేల మీద సాక్ష్యం చెప్పినవాళ్లలో కరువు మాట ఎత్తనివాళ్లెవరు? "చిన్న కూతురు" అని కొట్టాను. ఒక్కటీ లేదు. "బిడ్డను ఇచ్చినా" అన్నా లేదు. గంట గడిచింది. వేరే ఊరి నుంచి ఇంత దూరం వచ్చి ఉత్త చేతులు చూపించి పోవాలేమో అనుకున్నాను.

రత్నమ్మ నా వేళ్ల వైపే చూస్తోంది. "మాయమ్మ దాన్ని కూతురని యాడ అంటాదిమ్మా? బుడ్డిపాప అనేది" అంది.

బుడ్డిపాప. రెండే చోట్ల. మొదటిది ఎవరో తన మనవరాలి గురించి చెప్పింది. రెండోది నూట పన్నెండో క్యాసెట్, ఇరవై మూడో నిమిషం. నొక్కాను.

గరగర చప్పుడు, దాని వెనక ఒక ఆడగొంతు: "గంజి గూడ లేని దినాల్లో నా బుడ్డిపాపను మహానందిలో పూలమ్మే గంగమ్మ ఒళ్లో పెడితి. ఆమెకు బిడ్డల్లేరు. ఎనక్కి తిరిగితే మళ్లీ ఎత్తుకుంటానేమోనని తిరక్కుండా వస్తి."

"మాయమ్మే" అంది రత్నమ్మ. మూడుసార్లు పెట్టించుకుని వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "రేప్పొద్దున బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"రేపు ఆదివారం గదా, చర్చి?" అన్నాను.

"నేను యాడికి పోతాండానో ప్రభువుకు తెలుసులేమ్మా."

ఆమె ఇంట్లోనే రాగిసంగటి తిని పడుకున్నాను. తెల్లారి తొలి బస్సుకే బయలుదేరాం. ఆమె ఆధార్ కార్డు చూపించి, ఆంధ్రలో ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ తీసుకుంది. నాది తెలంగాణ కార్డు కాబట్టి డబ్బులిచ్చాను. కడపలోనూ నంద్యాలలోనూ బస్సులు మారి, ఒంటిగంటకు మహానందిలో దిగాం.

పూల అంగళ్లు వరసగా ఉన్నాయి. మూడో అంగట్లో ముసలాయన్ను అడిగాను. "గంగమ్మా? పోయి శానా యేండ్లాయ. ఆమె కూతురు నాగమ్మ అదో, ఆ రేకుల అంగట్లో."

నాగమ్మ కనకాంబరాలు కడుతోంది. ఈమె వాళ్లమ్మ మాటలివి అని రత్నమ్మను చూపించి, ఫోన్‌లో ఆ గొంతు వినిపించాను. విని దారం కింద పెట్టింది. "ఎవరో ఒకామె తన్ను నమ్మి నన్ను ఇచ్చిపోయిందని మాయమ్మ పొయ్యే ముందర చెప్పింది. యా ఊరో ఆమెకూ తెల్దు" అంది. రత్నమ్మను పైనుంచి కింది దాకా చూసింది. "అయితే నాకు అక్క గూడ ఉండాదా?"

"ఉండానుమే. ఈడనే ఉండాను" అంది రత్నమ్మ. ఆ కంచుగొంతు మొదటిసారి వణికింది. చుట్టుపక్కల అంగళ్లవాళ్లంతా లేచి వచ్చారు. ముసలాయన తన గంపలోని పూలన్నీ తెచ్చి ఇద్దరి ఒళ్లలో కుమ్మరించాడు.

రత్నమ్మ అక్కడే ఆగిపోయింది. "పది దినాలుండి వస్తాను. ఇంత కాలం మాటలు బాకీ ఉండాయి" అని నన్ను సాగనంపింది. ఆ రాత్రి నంద్యాలలో ఉండి, సోమవారం పొద్దున హైదరాబాదు బస్సెక్కాను. పోదలచినవారికి చెబుతున్నాను: నంద్యాల నుంచి మహానందికి బస్సులకు కొదవ లేదు.

బస్సు కర్నూలు దాటేలోపు మస్తాన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. సంగతి ఊళ్లకు పాకిందట. ఎవరో హరికథల టేపులు, ఎవరో దర్గా ఉరుసు వీడియోలు, ఒకాయన తన పెళ్లి క్యాసెట్ పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డారట. నా పరిశోధనకు ఇన్నేళ్లలో మెచ్చుకోళ్లు వచ్చాయి, శాలువాలు వచ్చాయి. వాటితో ఇంటికి పోయినప్పుడు ఎన్నడూ లేని గర్వం ఆ రోజు బస్సులో కలిగింది. పక్కనున్నాయన, "ఏమక్కా, ఒక్కదానివే నవ్వుతాండావు?" అని అడిగాడు. ఆయనకు మొదటి నుంచీ అంతా చెప్పాను. జడ్చర్ల వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.