ఈవర్ పేరిట వచ్చిన చెక్కలు

లోఖ్లన్ అనే దేశం ఉందని టోర్కిల్ నిజంగా నమ్మాడా, లేక నమ్మకపోతే బతకలేక నమ్మాడా? ఇన్నేళ్ళు పొయ్యి ముందు కూర్చుని ఆలోచించినా నాకు తేలలేదు.

మా హారిస్ దీవిలో చలికాలం కథలన్నీ టోర్కిల్ ఇంట్లోనే. సముద్రానికి అవతల, ఉత్తరాన లోఖ్లన్ ఉందనేవాడు. దాని రాజు ఓడలు మనుషుల్ని ఎత్తుకుపోతాయి. పోయినవాడు తన పేరే మరిచిపోయి అక్కడ చాకిరీ చేస్తుంటాడు. సొంత ఇంటి మనిషి వెళ్ళి పేరు పెట్టి పిలిస్తే తప్ప తిరిగి రాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు ఈవర్ నార్వేవాళ్ళ తిమింగిలాల వేట పడవలో పనికి కుదిరాడు. మార్చి గాలివానలో కెరటం వాణ్ణి ఎత్తుకుపోయింది. శవం దొరకలేదు.

మా దీవిలో చెట్లు లేవు. అందుకని ప్రతి ఇంట్లోనూ శవపేటికకు కావలసిన చెక్కలు ముందే సంపాదించి, వాసాల మీద దాచుకుంటారు. అది తెలిసి, ఈవర్‌ని పనిలో పెట్టుకున్న నార్వే మేస్త్రీ హాల్వర్ వాడి పేరిట మంచి చెక్కలు బండి మీద తెచ్చి టోర్కిల్ గుమ్మం ముందు దించాడు.

"శవం లేకుండా పెట్టె ఎందుకయ్యా? మావాడు లోఖ్లన్‌లో ఉన్నాడు," అన్నాడు టోర్కిల్.

హాల్వర్ వచ్చీరాని మా భాషలో అన్నాడు: "పెద్దాయనా, మీరు లోఖ్లన్ అనేది మా దేశాన్నే. నేను పుట్టింది అక్కడే. బంగాళాదుంపలు, వాన, పాదిరీలు, అంతే. ఈవర్ అక్కడ లేడు."

"అయితే నువ్వు అక్కడివాడివి కాదులే."

ఎవరూ నవ్వలేదు.

చెక్కలు గోడ వారగా వానలోనే ఉండిపోయాయి. ఎదురింటావిడ ముర్దక్ ఊరుకునే మనిషి కాదు.

"లోపల పెట్టుకో మామా. రేపో మాపో నీకే పనికొస్తాయి."

"నా కొలతకి కావే అవి. నీ నోటికి మూత చేయిద్దామన్నా చాలవు."

మే నెలలో టోర్కిల్ ఆ చెక్కల్ని ఒడ్డుకు మోసుకెళ్ళాడు. అడుగు కుళ్ళిన తన పాత పడవకు బిగించడం మొదలుపెట్టాడు. పక్కింటి కోడలిని కదా, చెక్క రెండో కొస నేను పట్టుకున్నాను.

"మామా, చచ్చినవాడి కోసం తెచ్చిన చెక్క ఇది. దీంతో పడవా?"

"వాడు చావడం నువ్వు చూశావా?"

నేను చెక్క కొసని పడవకు అదిమి పట్టాను.

"వాణ్ణి పేరు పెట్టి పిలవడానికి నేను కాక ఎవరున్నారు అమ్మాయ్?" అని మేకు మీద సుత్తి దించాడు.

గాలి తగ్గిన ఒక పొద్దున మేమంతా ఒడ్డున నాచు ఏరుతున్నాం. టోర్కిల్ పడవ నీళ్ళలోకి తోసి ఎక్కాడు. క్షేమంగా తిరిగి రావాలని మా మగవాళ్ళందరూ చేసినట్టే, దాన్ని ఒకసారి ప్రదక్షిణంగా తిప్పాడు. చచ్చిపోదామనుకున్నవాడు అలా తిప్పుతాడా?

"చేపలకేనా మామా? రొట్టె పెట్టుకున్నావా?" ముర్దక్ అరిచింది.

చేపలు పడే చోటు దాటాడు. ఆగలేదు. పడవ ముక్కు ఉత్తరానికి తిరిగింది.

"మామా!" ముర్దక్ గొంతు మారిపోయింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఇంకా పిలుస్తూనే ఉంది. ఆయన తెడ్లు వేస్తూనే ఉన్నాడు.