పొదుగు మీద పొట్టిపెట్ట

కోడి కడుపు కింద వేడెక్కిన ఊకకి ఒక వాసన ఉంటుంది. తవుడు, రెట్ట, బూడిద, ఒంటివేడి అన్నీ కలిసిన వాసన. మొన్న శ్రీకాకుళంలో మా ఆఫీసులో పనిచేసే ఒకాయన కొత్తిల్లు చూపిస్తానని మేడ మీదికి తీసుకెళ్ళి, అక్కడ వల బోనులో పెంచుతున్న విదేశీ చిట్టికోళ్ళని చూపించాడు. పిడికెడంత ఒళ్ళు, కాలివేళ్ళ దాకా బూరు. పేర్లు ఏవేవో చెబుతున్నాడు గానీ నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. మూలనున్న డబ్బాలో ఒకటి పొదుగు మీద ఉంది. ఆ వాసన తగలగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మంచినీళ్ళు తాగొస్తానని కిందికి దిగిపోయాను. నాకు కోళ్ళంటే అసహ్యమనుకుని ఉంటాడు పాపం. అనుకోనీ.

నరసన్నపేట నుంచి లోపలికి పోతే వచ్చే పల్లె మాది. వేసవి వచ్చిందంటే జీడిపళ్ళ పులుపు వాసన, వీధి చివర జీడిపిక్కలు కాల్చే పొగ, పొద్దున్నే సత్తుగిన్నెల్లో రాగిపిండితో కాచిన చోడంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా కునుకు తీస్తుంటే మేం ఆడపిల్లలం చూరునీడలో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, అరుగు మీద కూర్చుని చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ నిప్పు నోట్లో ఉండగానే మమ్మల్ని తిట్టేది. అదెలా సాధ్యమో నాకిప్పటికీ తెలియదు.

పొట్టిపెట్ట ఆ మామ్మ సొత్తు. నాటుకోళ్ళలోనే అదొక గిడస రకం. ఎంత మేసినా పెరగదు. దోసిలి పడితే ఇమిడిపోయేది. కూరకి చాలదు, సంతలో ఎవరూ అడగరు. కానీ పొదుగుకి కూర్చోవడంలో దాన్ని మించింది మా వీధిలో లేదు. ఎవరి గుడ్లైనా సరే తనవే అన్నట్టు రెక్కలు చాచి కప్పేసేది. అందుకే పొదుగుకి దాన్ని అందరూ అడిగి తీసుకెళ్ళేవాళ్ళు, పిల్లలు లేచాక ఒక పిల్లని మాకిచ్చి పెట్టని తిరిగి పంపేవాళ్ళు. చంకలో పెట్టుకుని దింపిరావడం, తీసుకురావడం నా పని. ఆ పనికి నాకున్న పొగరు ఇంతా అంతా కాదు. మా ఇంట్లో అయితే మామ్మ గంపలో ఇసక పోసి, ఊక పరిచి, ఉరుములకి గుడ్లు చెడిపోకుండా ఒక ఇనుపముక్క పక్కన దోపి, గుడ్లు పేర్చి దాన్ని పైన కూర్చోబెట్టేది. అది ఒకసారి సర్దుకుని కళ్ళు అరమూసేది.

ఒక ఏడాది ఎండలు ముదిరే వేళకి నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, మంచం నిండా వేపాకు, ఇంట్లో తాలింపు కూడా లేదు. జ్వరం ఎంతకీ దిగకపోయేసరికి మామ్మ బెదిరిపోయి, గుమ్మంలో నిలబడి దండం పెట్టి, గుంట, అంటే నేను, లేచి తిరిగితే గూట్లో ఉన్న పెట్టని ఇచ్చుకుంటానని మొక్కేసింది. మిగతా కోళ్ళన్నీ దిబ్బల మీద తిరుగుతున్నాయి. గూట్లో ఉన్నది గంపలో గుడ్ల మీద కూర్చున్న పొట్టిపెట్ట ఒక్కటే. పసుపు గుడ్డపీలిక తెచ్చి దాని కాలికి కట్టడం మంచం మీంచి నేను చూశాను.

నేను లేచి తిరిగాను. అక్కడే వచ్చింది చిక్కు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. పొదుగు మీదున్న పెట్టని కొయ్యరు. అమ్మవారికైనా సరే, పిల్లలు లేచి పెట్ట గంప దిగేదాకా ఆగాల్సిందే. అంటే గుడ్లు విచ్చిన మర్నాటి నుంచి దాని మెడ కత్తి కిందికి వచ్చినట్టే. స్నానం పోశారు, అంబలి తాగిస్తున్నారు, అందరూ నన్ను ముద్దు చేస్తున్నారు, నాకు మాత్రం ఆ గుడ్లే కళ్ళ ముందు.

పక్కింటి సూరమ్మత్త బాతులు పెంచేది. బాతు గుడ్లు పెట్టి పోవడమే తప్ప పొదగదు, వాటిని కోడి కిందే వెయ్యాలి. కోడిగుడ్డుకి మూడు వారాలైతే బాతుగుడ్డుకి ఇంకో వారం పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. మా గుడ్లు రేపో ఎల్లుండో విచ్చుతాయనగా వాటిని తీసుకెళ్ళి, మామ్మే పంపిందని చెప్పి, సూరమ్మత్త ఇంట్లో పొదుగు మీదున్న పెట్ట కింద సర్దేసి, అక్కడి కొత్త బాతుగుడ్లు తెచ్చి పొట్టిపెట్ట కింద పెట్టాను. అవి విచ్చేదాకా, ఇంకో నాలుగు వారాలు, దాన్ని ఎవరూ కొయ్యరు. సాయంత్రం మామ్మ గంపలోకి వంగి ఆ పెద్ద గుడ్లని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా అరుగు మీదికి పోయి కూర్చుంది. గెలిచాననుకున్నాను.

పొదుగుకోడి రోజుకొకసారి దిగి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి మళ్ళీ ఎక్కుతుంది. అది దిగిందంటే నేను చుట్టూ చూసుకుంటూ కాపలా నిలబడేదాన్ని. దిగి ఉన్నప్పుడు పట్టుకుంటే? అందుకని ముంగిస భయమని చెప్పి, పైన ఇంకో గంప బోర్లించి, దాని మీద సన్నికల్లు పొత్రం పెట్టాను. నూకలూ నీళ్ళూ లోపలికే అందించేదాన్ని. కొన్నాళ్ళు తిన్నది. తర్వాత నూకలు అలాగే ఉండిపోయేవి, అది ముక్కు తెరిచి రొప్పేది. లేవబోతే వీపు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేదాన్ని. కూర్చుంటేనే బతుకుతావని బతిమాలేదాన్ని. నా వేళ్ళకి దాని వెన్నుపూసలు తగులుతూనే ఉన్నాయి. తగులుతున్నా నొక్కాను.

ఒక మధ్యాహ్నం గంప ఎత్తితే రెక్కలు చాచినవి చాచినట్టే ఉన్నాయి, మెడ మాత్రం ఊకలోకి వాలిపోయింది. గుడ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

నా ఏడుపు విని మామ్మ వచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టింది. కాలికున్న పసుపు పీలిక విప్పింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండును.

"బాతుగుడ్లు ఎట్టిననాడే నాకు తెలిసిపోనాది. ఈ గుంట ఇయ్యాలో రేపో నా కాడికొచ్చి అడుగుతాదని సూస్తన్నాను" అంది.

పసుపు పీలికని వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది:

"ఒక్కమాట అడిగితే ఈ పెట్టని ఒగ్గీసీదాన్ని కదే. అమ్మోరికి ఇంకో పెట్టనిచ్చీదాన్ని. ఆ తల్లి ఏటంతాది?"

మొక్కు ఎర్రపెట్టతో తీరింది. ఆ కూర నేను ముట్టలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. బాతుగుడ్లని సూరమ్మత్త ఇంకో కోడి కింద వేసుకుంది. కొన్ని విచ్చాయి. మాట ప్రకారం ఒక బాతుపిల్లని తెచ్చి నా చేతుల్లో పెడితే, ఒద్దని లోపలికి పారిపోయాను.

ఎందుకు అడగలేదని చాలాసార్లు అనుకుంటాను. మామ్మంటే భయం లేదు, ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. భయం అమ్మవారంటే. నా ప్రాణానికి బదులిస్తామన్నదాన్ని నేనే వద్దంటే మళ్ళీ నా ప్రాణం అడుగుతుందేమోనని. పెట్టా బతకాలి, నేనూ బతకాలి, ఎవరికీ తెలియకూడదు. ఇంత తెలివి ఆ వయసులో నాకెక్కడిదో గానీ, ఆ తెలివికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇప్పుడు మా ఊళ్ళో పొదుగేసే ఇల్లు ఒక్కటీ లేదు. పిల్లలు మిషన్లో లేచి, అట్టపెట్టెల్లో ఆటో ఎక్కి వస్తున్నాయి. పొట్టిపెట్ట అంటే కుర్రాళ్ళకి తెలియదు, ఇనుపముక్క ఎందుకు పెట్టేవారో చెబితే నవ్వుతారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగులు కొట్టేశారు, మామ్మ కూర్చునే చోట సిమెంటు కాలువ పారుతోంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో పక్కనే కూర్చుని అంబలి తాగించాను, కాళ్ళు పట్టాను, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాను. తప్పయింది, వదిలెయ్యమని మాత్రం అడగలేదు. అడిగితే అదీ ఒగ్గీసేదే.