జెట్టీ మీద నిలబడటం

నాకు ఒకచోట కుదురుగా ఉండటం చేతకాదు. మామూలు రోజుల్లోనే అంతే, ఇక కరోనా వచ్చి అందరినీ ఇంట్లో కూర్చోమనేసరికి కాలు కాలిన పిల్లినైపోయాను. ఐర్లండ్‌లోని కాజిల్‌బార్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన అక్కడి హాస్పిటల్లో డాక్టరు, కోవిడ్ వార్డులో డ్యూటీ. నేను వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. మీటింగుకీ మీటింగుకీ మధ్య వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటగదిలోకి తిరుగుతూనే ఉండేదాన్ని. పైగా అప్పుడు నాకు ఏడో నెల.

ఆ సంగతి మా ఇద్దరికీ, హాస్పిటల్ వాళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. అంతకుముందు ఏడాది, మొదటి లాక్‌డౌన్‌లో, నాకు అయిదో నెలలో కడుపు పోయింది. అప్పుడు మూడో నెలకే అందరికీ చెప్పేశాం. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, వీధి వీధంతా చాటింది. అత్తగారు పేరు కూడా వెతికిపెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అనలేదు. పోయాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ మాట చెప్పింది మాత్రం నేనే. ప్రతివాళ్లూ దిష్టి తగిలిందే అన్నారు.

అందుకని ఈసారి కాన్పయ్యేదాకా ఎవరికీ చెప్పనని మా ఆయన చేత ఒట్టేయించుకున్నాను. వీడియో కాల్లో ముఖం వరకే కనిపించేలా ఫోన్ పట్టుకునేదాన్ని. బయటికి వెళితే మా ఆయన రెయిన్ కోటు తొడుక్కునేదాన్ని. ఐర్లండ్‌లో ఏ నెలలో రెయిన్ కోటు వేసుకున్నా ఎవరూ వింతగా చూడరు, అదొక్కటి కలిసొచ్చింది.

ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని రూలు. ఊరి పక్కనున్న సరస్సు ఆ లోపలే ఉంది. అక్కడ నీళ్లలోకి కట్టిన చెక్క జెట్టీ మీద ఒక ముసలాయన రోజూ గాలం వేసుకుని నిలబడేవాడు. నేను ఆ చెక్కల మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచేదాన్ని. నాలుగో రోజు ఆయన తన రెండో గాలాన్ని శానిటైజర్‌తో తుడిచి, చెక్కల మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

"ఎలాగూ నా చేపల్ని బెదరగొడుతున్నావు. ఏదో ఒకటి పట్టు," అన్నాడు.

మాది కొల్లేరు వైపు. చేపలు తినడం తెలుసు గానీ పట్టడం ఎరగను. గుచ్చిన వానపామును బలమంతా పెట్టి సరస్సు మధ్యకి విసిరాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అంత దూరం వేస్తే పిల్లలే పడతాయి. పెద్ద పెర్చ్ ఉండేది నీ కాళ్ల కింద. ఈ స్తంభాల నీడలో. పడవలున్నవాళ్లు కూడా దానికోసం ఇక్కడికే వస్తారు. స్తంభం పక్కన తిన్నగా దింపు, అడుగుకి చేరాక జానెడు పైకి లేపు, ఆగు. అంతే పని."

పెర్చ్ అంటే చూడటానికి మన జిలేబీ చేపలా ఉంటుంది, వీపు మీద ముళ్లు, ఒంటి మీద నల్లటి పట్టీలు. ఇక్కడ చిన్నవి రెండో మూడో ఇంటికి తీసుకెళ్లొచ్చట, పెద్దది పడితే మాత్రం నీళ్లలోకి వదిలేయాలట, గుడ్లు పెట్టేది అదేనట. పులుసుకి పనికొచ్చేదాన్ని వదిలేసే ఆచారం ఏమిటో నాకు మింగుడుపడలేదు. అయినా ఒక్కటైనా పట్టి చూడాలని పంతం పట్టుకుంది.

ఆ ఆగడమే నా వల్ల కాలేదు. రెండు నిమిషాలు నిలబడేదాన్ని, మళ్లీ కాళ్లు పీకేవి, గట్టు దాకా నడిచొచ్చేదాన్ని. మూడు వారాలు వెళ్లాను. వేలెడు చేపలు తప్ప ఏమీ పడలేదు.

"నువ్వు నడిస్తే చెక్కలు చప్పుడు చేస్తాయి. అది వింటుంది," అనేవాడాయన.

"వింటే విననివ్వండి. మీరు నిలబడండి, నాకు వచ్చినట్టు నేను పట్టుకుంటాను," అని కసిరేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ ఊళ్లో నేను రోజూ మాట్లాడే బయటి మనిషి ఆయనొక్కడే.

ఒక శనివారం లేచేసరికి కడుపులో కదలిక లేదు. చల్లటి నీళ్లు తాగాను. స్వీటు తిన్నాను. ఎడమవైపుకి తిరిగి పడుకోమంటారు కదా అని అయిదు నిమిషాలు పడుకుని, ఉండలేక లేచి ఇల్లంతా తిరిగాను. పది దాటింది, ఏమీ లేదు. మా ఆయన ఫోన్ వార్డు బయట లాకర్లో ఉంటుంది. హాస్పిటల్ నంబరు ఫ్రిజ్ మీద అంటించే ఉంది. చెయ్యలేదు. పోయినసారి కూడా భర్తల్ని లోపలికి రానివ్వలేదు. ఒక్కదాన్నే పడుకుని ఉంటే నర్సు స్కానింగ్ స్క్రీన్‌ను అటువైపు తిప్పేసింది. ఆ గదిలోకి మళ్లీ ఒక్కదాన్నే వెళ్లి ఆ మాట వినలేననిపించింది. కోటు తొడుక్కుని సరస్సుకి వెళ్లిపోయాను. ఇంతకంటే బుద్ధిలేని పని నా జన్మలో చేయలేదు.

స్తంభం పక్కన గాలం దింపాను. రెండో చెయ్యి కోటు లోపల పొట్ట మీద పెట్టుకుని నిలబడ్డాను. కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను, నేను కదిలితే బిడ్డ కదలిక ఎక్కడ తెలియకుండా పోతుందోనని. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్ల మీద తేలే బెండు ఒక్కసారి మునిగిపోయింది, గాలం విల్లులా వంగింది. చేతులు వాటంతటవే లాగాయి. నా మోచేతి నుంచి వేళ్ల దాకా ఉన్న చేప చెక్కల మీద పడి కొట్టుకుంది.

"చెప్పానా. నిలబడితే చాలని," అంటూ ఆయన సంబరంగా దగ్గరికొచ్చాడు.

నేను బావురుమన్నాను. "కదలడం లేదు," అన్నాను.

"బాగానే కదులుతోందిగా."

"చేప కాదు." కోటు జిప్పు తీసి చూపించాను. "పొద్దున్నుంచీ కదలడం లేదు. హాస్పిటల్‌కి ఫోన్ చేయలేదు. మా వాళ్లెవరికీ తెలియదు."

ఆయన చేతులు తడుపుకుని చేప నోట్లోంచి గాలపు కొక్కెం తీశాడు, దాన్ని నీళ్లలోకి వదిలేశాడు. "కారెక్కు," అన్నాడు. వేరే ఇంటివాళ్లతో కార్లో వెళ్లకూడదు కదా అన్నాను.

"పోలీసులు ఆపితే నేను మాట్లాడతాను. వెనక సీట్లో కూర్చో, అద్దాలు దించు."

హాస్పిటల్లోకి ఒక్కదాన్నే వెళ్లాను. పొట్ట మీద చల్లగా జెల్లు రాస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. నర్సు మిషన్‌ను అటూ ఇటూ జరిపింది. కొంతసేపు గరగర తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత దబదబా కొట్టుకోవడం వినపడింది.

"గ్రాండ్, అంతా బాగుంది. గుండె గట్టిగా ఉంది," అంది నర్సు. "రోజంతా నడుస్తూ ఉంటావా?"

అవునన్నాను. నడుస్తుంటే బిడ్డకి ఉయ్యాల ఊపినట్టుంటుందట, నిద్రపోతుందట, కదిలినా తల్లికి సరిగ్గా తెలియదట. "అయినా కదలిక తగ్గితే క్షణం ఆగకుండా ఫోన్ చేయాలి. ఇంకోసారి ఇలా చేయకు," అని గట్టిగానే కేకలేసింది. పొట్టకి గుండె చప్పుడు చూసే బెల్టు కట్టి, అరగంట ఎడమవైపు కదలకుండా పడుకోమంది.

పడుకున్నాను. కాళ్లు పీకినా పడుకునే ఉన్నాను. పక్కటెముక కింద ఒక్క తన్ను తన్నింది. వెంటనే ఇంకొకటి. "తన్నవే తల్లీ, ఎంత కావాలంటే అంత తన్ను," అని పైకే అనేశాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడు లాకర్ దగ్గరికొచ్చిన మా ఆయన ఫోన్ చేశాడు. అదే హాస్పిటల్లో పై అంతస్తులో ఉన్నాడు, కిందికి రావడానికి లేదు. జరిగిందంతా చెప్పాను.

"మీ అమ్మకీ మా అమ్మకీ ఇవాళే చెప్పెయ్," అన్నాను.

"కాన్పయ్యేదాకా వద్దని ఒట్టేయించుకుంది నువ్వే కదా."

"దిష్టి తగిలితే తగలనీ. పోయినసారి ఒక్కదాన్నే పడ్డాను. ఇవాళ కూడా చెప్పుకోడానికి చేపలు పట్టే ముసలాయన తప్ప నాకెవరూ లేకపోయారు. మంచైనా చెడైనా ఈసారి నలుగురిలో జరగనీ."